జేబులోని కత్తి, గుండెలోని భయము

విజయదశమినాడు జమ్మిచెట్టు కడకు పోవు ఆచారము తెలుగునాట ఊరూర కలదు. పిల్లలు పెద్దల వెంట నడచి, చెట్టునకు ప్రదక్షిణము చేసి, ఆకులు కోసికొని వచ్చి, పెద్దల చేతులలో నుంచి నమస్కరింతురు. తెలంగాణమున ఆ ఆకునకు బంగారమని పేరు. ఈ ఆచారముతో పెనవైచుకొనిన కథ బడిపిల్లలందరికిని తెలిసినదే. పాండవులు అజ్ఞాతవాసమునకై విరాటుని నగరము ప్రవేశింపబోవుచు, ఊరి వెలుపల శ్మశానము చెంతనున్న జమ్మిచెట్టు మీద తమ ఆయుధములను దాచిరి. నకులుడు చెట్టెక్కి వానిని కొమ్మలకు కట్టెను.

ఈ కథ చెప్పునప్పుడు, ఆయుధములను బట్టి తమ్ము గుర్తుపట్టుదురను శంకచేతనే పాండవులు వానిని దాచిరని ఉపాధ్యాయుడు సాధారణముగా వివరించి ముందునకు సాగును. కాని భారతమున ధర్మరాజు చెప్పిన కారణము అంతటితో ముగియలేదు. ఆయుధములతో ఊరు చొచ్చినచో జనులు కలవరపడుదురని కూడ ఆతడు తలచెను. పగవారు వెదకుచున్న వేళ, ఆపదకు మిక్కిలి తావున్న సంవత్సరమున, ఎదురులేని వీరులు వట్టిచేతులతో జనుల నడుమ మెలగుటకు నిశ్చయించుకొనిరి. ఆయుధము చెంతనుండుటయే రక్షణమని వారు తలపలేదు. అదియే అపాయమని తలచిరి.

నేడు పదునైదేండ్ల బాలుడొకడు పుస్తకముల సంచి అడుగున కత్తి దాచుకొని బడికి బయలుదేరునప్పుడు అతని మనస్సులోని భావము దీనికి సరిగా వ్యతిరేకమైనది. కత్తి యున్నచో తన జోలికి ఎవరును రారని అతడు నమ్మును. ఈ నమ్మకమును తొలగించుట విద్యాలయములు చేయవలసిన పని. అయితే తొలగించు విధమునందే పెద్దలు తరచుగా పొరబడుచున్నారు. భయముచేత కత్తి పట్టినవానిని మరింత భయపెట్టి విడిపింపజూచుట అగ్నిలో ఆజ్యము పోయుటయే యగును.

తగవునకు సాయంకాలము లేకుండ పోయినది

ఇది దూరదేశముల ముచ్చట మాత్రమే కాదు. 2024 ఆగస్టులో రాజస్థాన్‌లోని ఉదయపూర్ నగరమున పదవ తరగతి విద్యార్థి యొకడు సహవిద్యార్థిని కత్తితో పొడిచెను. గాయపడిన బాలుడు కొన్ని దినములకు ఆసుపత్రిలో మరణించెను. ఇద్దరు పిల్లల తగవు నగరమున మతోద్రిక్తతగా మారెను, వాహనములు తగులబడెను, అంతర్జాల సేవలను నిలుపవలసి వచ్చెను. 2025 ఆగస్టులో గుజరాత్‌లోని అహమ్మదాబాద్ నగరమున ఎనిమిదవ తరగతి బాలుని చేతి పోటునకు పదవ తరగతి బాలుడు బలియయ్యెను. అచటను జనుల ఆగ్రహము పాఠశాలపై విరుచుకొనిపడెను. ఈ రెండు సంఘటనలును తరగతిగది వెలుపల జరిగినవి. రెంటికిని మూలము పిల్లల నడుమ పుట్టిన సామాన్యమైన తగవే.

పిల్లల నడుమ తగవులు క్రొత్తవి కావు. చొక్కా చినుగుటతోను, చెంప వాచుటతోను ముగిసిన కలహములు ఏ పాఠశాల చరిత్రమునందైనను ఉండును. ఉదయము కొట్టుకొనినవారు సాయంకాలమునకు ఒకే చింతచెట్టు క్రింద గోళీలాడుకొందురు. కోపము ఎంతటిదైనను సాయంకాలము వచ్చి దానిని చల్లార్చును. కత్తి నడుమకు వచ్చినంతనే ఆ తగవునకు సాయంకాలము లేకుండ పోవుచున్నది. ఒక్క నిమిషపు కోపము ఒక బాలుని శ్మశానమునకును, మరియొకనిని న్యాయస్థానమునకును పంపుచున్నది.

బాలుని చేతికి చిక్కు కత్తి ఆయుధాగారమునుండి రానక్కరలేదు. అది వంటింటినుండియే రావచ్చును. కత్తి స్వభావముచేత దుష్టవస్తువు కాదు. రైతు కొడవలి, గీతకార్మికుని కత్తి, మంగలి కత్తి, శస్త్రవైద్యుని చిన్నకత్తి, ఇవన్నియు అన్నము పెట్టునవి, ప్రాణము నిలుపునవి. తెలుగింటి కత్తిపీటను చూచినచో ఒక ధర్మము బోధపడును. అది నేలమీద కూర్చుండియుండును, తాను కదలదు. కూరగాయ దాని వద్దకు వచ్చును. పని ముగిసిన పిమ్మట దానిని ఒక ప్రక్కకు వాల్చి, పిల్లల కాలికి తగులకుండ గోడకు చేర్చుదురు. పనిముట్టునకు ఒక చోటు, ఒక వేళ, ఒక పని ఉండును. ఆ మూడును విడిచి జేబులోనికి ఎక్కిన క్షణమున పనిముట్టు ఆయుధమగుచున్నది. పెన్సిలు చెక్కుకొను చాకునకును, నడుమున దోపుకొనిన చాకునకును భేదము ఇనుములో లేదు, ఉద్దేశములో నున్నది.

1669లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ భోజనపు బల్లమీది కత్తులకు మొనలు గుండ్రముగా నుండవలెనని శాసించెను. 2005లో లండను నగరపు వైద్యులు కొందరు, వంటింటి పొడవు కత్తులకు వాడిమొన నిజముగా అవసరమా యని ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రశ్నించిరి. ఈ ఆలోచనలు మంచివే. అయినను కత్తి మొనను గుండ్రము చేసినంత సులభముగా మనస్సులోని మొనను గుండ్రము చేయుట సాధ్యము కాదు. ఆ పని విద్యకు మాత్రమే చేతనగును.

గ్లాస్గో నేర్పిన పాఠము

ఈ విషయమై మిక్కిలి లోతుగా ఆలోచింపవలసి వచ్చిన దేశములలో బ్రిటన్ ఒకటి. అచటి నగరములలో తెలుగు కుటుంబములు అనేకము నివసించుచున్నవి. వారి పిల్లలు అచటి బడులలోనే చదువుచున్నారు. కావున ఆ దేశపు అనుభవము తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. 1996లో డన్‌బ్లేన్ పాఠశాలలో పసిపిల్లలపై కాల్పులు జరిగిన పిమ్మట అచట చేతితుపాకులను దాదాపుగా నిషేధించిరి. కావున వీధిలో కలహించు యువకునకు సులభముగా దొరకునది కత్తియే. దీనిని అడ్డుకొనుటకు శాసనములు లేకపోలేదు. 1953 నాటి చట్టము బహిరంగస్థలమున ఆయుధము ధరించుటను నేరమని చెప్పెను. 1988 నాటి చట్టము ఇంకను ముందునకు పోయి, తగిన కారణము చూపలేనిచో, మూడు అంగుళములకు మించని మడతచాకును తప్ప మరి ఏ కత్తిని వీధిలోనికి తెచ్చినను నేరమని విధించెను. అయినను కత్తిపోట్లు ఆగలేదు.

స్కాట్లండులోని గ్లాస్గో నగరమున యువకుల ముఠాలు కత్తులతో పోరాడుకొనుట తరతరముల వాడుకగా నుండెడిది. తండ్రి ఏ వీధి ముఠాలో నుండెనో కుమారుడును అందులోనే చేరును. పొరుగు వీధి ఎందుకు శత్రువో ఎవరికిని తెలియదు. 2004-05 సంవత్సరమున స్కాట్లండులో 130కి పైగా హత్యలు జరిగెను. 2005లో అచటి పోలీసుశాఖ హింసానివారణ విభాగము నొకదానిని నెలకొల్పెను. జాన్ కార్నకన్ అను పోలీసు అధికారియు, పూర్వము నర్సుగా పనిచేసిన కారిన్ మెక్‌క్లస్కీయు దానిని నడపిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2002లోనే హింసను ప్రజారోగ్య సమస్యగా పరిగణించు నివేదికను వెలువరించియుండెను. వీరు ఆ మార్గమును అనుసరించిరి.

హింస అంటువ్యాధివలె వ్యాపించునని వారి భావము. ఒకడు కత్తి పట్టెనని విని రెండవవాడు పట్టును; ఇద్దరిని చూచి మూడవవాడు పట్టును. మొదటివానికి పగ యుండవచ్చును గాని మూడవవానికి ఉన్నది కేవలము భయము. మశూచి వచ్చిన ఊరిలో రోగిని తిట్టినందువలన రోగము పోదు. అది ఎచట పుట్టినది, ఎవరినుండి ఎవరికి ప్రాకుచున్నది, ఎచట అడ్డుకట్ట వేయవలెను అని వెదకవలెను.

2008లో గ్లాస్గో న్యాయస్థానమునకే ముఠాలలోని యువకులను పిలిపించి కూర్చుండబెట్టిరి. పోలీసులు తమకు వారందరి సంగతి తెలియునని హెచ్చరించిరి. శస్త్రవైద్యుడు తాను కుట్టిన గాయములను గూర్చి చెప్పెను. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి లేచి మాటలాడెను. అంతటితో విడిచిపెట్టలేదు. హింస మానివేసినచో చదువు, శిక్షణము, ఉద్యోగము విషయమున తోడుపడుదుమని చెప్పి, పిలుచుటకు ఒక టెలిఫోను సంఖ్యను చేతికిచ్చిరి. ఇందలి కీలకము ఆ చివరి మాటలో నున్నది. తలుపు మూయుచున్నామని చెప్పినవారే మరియొక తలుపు తెరచి చూపిరి. ఆ కార్యక్రమమున పాల్గొనినవారు ఆయుధము ధరించుట, పాల్గొననివారితో పోల్చినచో, ఎక్కువగా తగ్గినదని 2014లో వెలువడిన పరిశీలన యొకటి తెలిపెను.

ఆ 2008లోనే క్రిస్టీన్ గూడల్ మొదలగు శస్త్రవైద్యులు ఒక సంఘముగా ఏర్పడి పాఠశాలలకు పోయి పిల్లలతో మాటలాడసాగిరి. ముఖముమీది కత్తిగాట్లను కుట్టి కుట్టి విసిగిన చేతులు అవి. గాయమును కుట్టుటకంటె గాయము కాకుండ చూచుట వైద్యుని ధర్మమని వారు భావించిరి. 2009లో స్కాట్లండు ప్రభుత్వము కత్తులు లేని మేలైన జీవితమను అర్థముగల పేరుతో ఒక యువజన కార్యక్రమమును ఆరంభించెను. ఆ పేరులోనే ఒక విజ్ఞత కలదు. వలదని చెప్పి ఊరకుండక, దానికి బదులుగా ఏది కావలెనో కూడ అది చెప్పుచున్నది.

ఉపాధ్యాయులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. స్కాట్లండులో అల్లరిపిల్లలను బడినుండి వెలివేయుట క్రమముగా తగ్గినది. 2006-07లో అట్టి వెలివేతలు 44,000కు పైగా నుండగా, 2018-19 నాటికి 15,000కు లోబడినవి. బడిలో లేని బాలుడు వీధిలో నుండును. వీధిలోని బాలునకు గురువు వీధియే యగును. ఈ సత్యము అచటి పెద్దలకు బోధపడినది. దీనినిబట్టి వారు చట్టమును సడలించిరని తలపరాదు. కత్తి ధరించుటకు విధింపదగిన శిక్షను 2006లో నాలుగేండ్లకును, పిదప 2016లో ఐదేండ్లకును పెంచిరి. దండనము ఒక చేత, ఆదరణము రెండవ చేత పట్టి నడచిరి. 2022-23లో స్కాట్లండులో హత్యకు గురియైనవారు 52 మంది. ఈ ఫలితమంతయు ఏ ఒక్కరి కృషి వలననో వచ్చినదనుట సాహసమగును. అయినను ఊరి స్వభావము మారదనువారికి ఇది తగిన సమాధానము.

భయపెట్టు పాఠము ఎందుకు పారదు

ఇచట ఒక ప్రశ్న పుట్టును. రక్తపు మడుగుల బొమ్మలు, శవముల చిత్రములు, కారాగారపు గదులు చూపి పిల్లలను గట్టిగా బెదరించినచో చాలదా? ఈ ఉపాయమును అమెరికా దేశమున పరీక్షించి చూచినారు. న్యూజెర్సీ రాష్ట్రపు రావే కారాగారమునకు అల్లరిపిల్లలను తీసికొనిపోయి, యావజ్జీవ శిక్ష పడిన ఖైదీలచేత అరపించి బెదరించెడివారు. దీనిని గూర్చి 1978లో తీసిన చిత్రము ఆస్కారు బహుమానము పొందెను. దేశమంతయు మెచ్చుకొనెను. కాని అట్టి కార్యక్రమములపై జరిగిన శాస్త్రీయ పరీక్షలను ఆంథొనీ పెట్రొసీనో మొదలగు పండితులు సమీకరించి చూడగా వెలువడిన ఫలితము వేరు. ఆ దర్శనము పొందిన పిల్లలు, పొందనివారికంటె తరువాత ఎక్కువగా నేరములు చేసిరి. మేలు కలుగకపోవుటయే కాదు, కీడు కలిగినది.

కారణము ఊహింపరానిది కాదు. బెదరినవాడు ధైర్యము ప్రకటింపగోరును. పైగా, ఊరంతయు కత్తులతో నిండియున్నదను భావము కలిగించు బొమ్మలను చూచిన బాలుడు, అందరి వద్దను ఉన్నప్పుడు తన వద్ద మాత్రము ఎందుకుండరాదని తలచును. 2019లో బ్రిటిషు ప్రభుత్వము వేయించిన కోడిమాంసపు పెట్టెలు, 3 లక్షలకు పైగా, కత్తికి వ్యతిరేకమైన సందేశములతో దుకాణములకు చేరెను. భోజనపు పొట్లముమీద కూడ కత్తిని తలచుకొనవలసిన స్థితి పిల్లలకు కల్పించుట యేమి వివేకమని పలువురు దానిని విమర్శించిరి. బొమ్మ చూపుట సులభము. బాలునితో మాటలాడుట కష్టము. సులభమైనది చేసి కష్టమైనది చేసితిమని తృప్తిపడుట ప్రచారములకు సహజదోషము.

ముగ్గురు ఉపాధ్యాయులు, మూడు పాఠములు

మరి బడిలో ఏమి చెప్పవలెను? దీనికై క్రొత్త పాఠ్యపుస్తకము అక్కరలేదు. ఉన్న ఉపాధ్యాయులే, ఉన్న పాఠములలోనే చెప్పదగిన విషయములివి.

మొదటి పాఠము జీవశాస్త్రము చెప్పువారిది. రక్తప్రసరణము చెప్పుచున్న దినముననే లెక్క యొకటి వేయింపవచ్చును. 70 కిలోల పెద్దవాని దేహమున నెత్తురు సుమారు 5 లీటర్లు. 40 కిలోల బాలుని దేహమున సుమారు 3 లీటర్లు. అందులో ఐదింట రెండు వంతులు పోయినచో ప్రాణమునకు ముప్పు. తొడమీద పొడిచినచో ఎవరును చావరను ఒక అపోహ కుర్రలలో కలదు. తొడలో గుండెనుండి వచ్చు పెద్ద ధమని యున్నదనియు, అది తెగినచో ఆసుపత్రి చేరకమునుపే కొన్ని నిమిషములలో ప్రాణము పోవచ్చుననియు బల్లమీద బొమ్మ గీచి చెప్పవలెను. దేహమున కత్తికి అపాయములేని చోటు లేదు. వాడిమొన చర్మమును దాటినంతనే లోపల దానిని ఆపునది దాదాపుగా ఏదియు ఉండదు. కావున కొంచెముగా గ్రుచ్చి బెదరింతునను మాటకు అర్థము లేదు. పిడికి అడ్డములేని వంటకత్తిపై చేయి జారి, పట్టినవాని వ్రేళ్ళే తెగుట కూడ వైద్యులు చూచుచున్నదే. ఇది బెదరింపు కాదు. దేహమును గూర్చిన నిజము. నిజమును నెమ్మదిగా చెప్పినప్పుడు పిల్లలు వినుదురు.

ఆ పాఠమునకు చివర ప్రాణము నిలుపు విద్యయు చేర్చవలెను. గ్రుచ్చుకొనిన కత్తిని లాగివేయరాదు. అది లేని గాయముపై శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టవలెను. అది యున్నచో దాని చుట్టును అదిమి పట్టవలెను. వెంటనే 108కి చెప్పవలెను. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదుననే మొదలైనదని తెలిసినచో పిల్లలకు మరింత ఆసక్తి కలుగును. నెత్తురును ఆపుట నేర్చిన చేయి నెత్తురు చిందించుటకు కొంతయైనను వెనుకాడును.

రెండవ పాఠము పౌరశాస్త్రము చెప్పువారిది. భారతదేశమున 1959 నాటి ఆయుధముల చట్టము, దాని నియమములు కలవు. గృహమునకు, వ్యవసాయమునకు, పరిశ్రమకు ఉద్దేశింపబడిన పనిముట్లు గాక, 9 అంగుళములకు మించిన పొడవో, 2 అంగుళములకు మించిన వెడల్పో గల కత్తులను ఆ నియమములు ఆయుధములుగా పరిగణించుచున్నవి. ఇది విని, చిన్నకత్తికి దోషము లేదని బాలుడు తలపవచ్చును. ఆ తలపును అచటనే ఖండింపవలెను. గాయము చిన్నకత్తితో చేసినను, 2024 జులైలో అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత క్రింద అది ప్రమాదకరమైన సాధనముతో చేసిన నేరమే. పలువురు ఒకే ఉద్దేశముతో చేసిన నేరమునకు అందరును సమముగా బాధ్యులు. స్నేహితుని కత్తిని దాచిపెట్టిన బాలిక, చేతులు పట్టుకొనిన బాలుడు, తాము పొడువలేదని చెప్పి తప్పించుకొనలేకపోవచ్చును. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము 16 ఏండ్లు నిండినవాడు ఘోరనేరము చేసినచో, విచారించి చూచి అతనిని పెద్దవానివలెనే న్యాయస్థానమునకు పంపు అవకాశము కలదు.

ఆత్మరక్షణము చట్టసమ్మతము కాదా యని తెలివిగల విద్యార్థి అడుగును, అడుగవలెను. సమ్మతమే. అయితే రక్షణమునకు ఎంత అవసరమో అంతకు మించిన హాని చేయుటకు ఆ హక్కు చెల్లదు. వట్టిచేతులతో త్రోసినవానిని కత్తితో పొడిచి రక్షణమనుట కుదరదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. కత్తి గలవాడు పారిపోవుటకు సిగ్గుపడును. లేనివాడు పరుగెత్తి ప్రాణము దక్కించుకొను చోట, ఉన్నవాడు నిలుచును. ఎదుటివాడు దానిని చూచి తన కత్తి తీయును, లేదా దీనినే లాగుకొనును. రక్షించునని నమ్మినదే అపాయమును ఇంటికి పిలుచుకొని వచ్చును.

మూడవ పాఠము తెలుగు పండితునిది. ఇది అన్నింటికంటె కఠినము. వెనుకకు తగ్గుట పిరికితనము కాదని నమ్మించు పాఠమిది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు నాటకమునుండి రాయబారపు ఘట్టమును పాఠశాలల వార్షికోత్సవములలో ఎన్ని తరముల పిల్లలు ఆడలేదు! పద్యము రాగము తీసి చదువుట నేర్పుదురు. ఆ రాయబారము ఎందుకని మాత్రము తక్కువగా అడుగుదురు. బలము గలవారే సంధి కోరి వచ్చిరి. రాజ్యమునకు బదులు ఐదూళ్ళు చాలుననిరి. మాట సంపూర్ణముగా విఫలమగువరకు అస్త్రము మాట యెత్తలేదు. ఈ దృష్టితో ఆ ఘట్టమును పిల్లలచేత ఆడించిన పండితుడు నీతిపాఠము వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ నాటకమునకు తోడుగా నేటి తగవులను కూడ పిల్లలచేత ఆడింపవచ్చును. ఒకడు మరియొకని తల్లిని తిట్టెను. పదిమంది చుట్టును చేరి ఉసికొల్పుచున్నారు. అప్పుడు చుట్టునున్నవాడు ఏమి చేయవలెను? 1993లో బోస్టను నగరపు విశ్వవిద్యాలయమున జాక్సన్ కాట్జ్ రూపొందించిన శిక్షణము ఈ ప్రేక్షకునిపైననే దృష్టి నిలిపెను. అది పిదప స్కాట్లండు పాఠశాలలకును వచ్చినది. పై తరగతులవారు క్రింది తరగతులవారికి దానిని నేర్పుదురు. పొడుచువాడు ఒకడు, పడువాడు ఒకడు, చూచువారు పలువురు. ఆ పలువురిలో ఒక్కడు, రారా పోదము, బస్సు వెడలిపోవును అని చేయి పట్టి లాగినచో ఆ నాటి తగవునకు మరల సాయంకాలము దక్కును.

కత్తి సంగతి పెద్దలకు చెప్పుట చాడీ యని పిల్లలు తలతురు. ఒకనికి దెబ్బలు తినిపించుటకు చెప్పునది చాడీ; ఒకని ప్రాణము దక్కించుటకు చెప్పునది మైత్రి. ఈ భేదమును ఉపాధ్యాయుడు మాటలతో గాక నడవడితో చూపవలెను. చెప్పినవాని పేరు బయటపెట్టు ఉపాధ్యాయునకు రెండవసారి ఎవరును చెప్పరు.

బడి విడిచిన వేళ

లండనులోని ఒక ఆసుపత్రి వైద్యులు, 2004 మొదలు 2014 వరకు కత్తిపోట్లతో వచ్చిన పిల్లల, యువకుల వివరములను పరిశీలించి 2018లో ప్రకటించిరి. 16 ఏండ్లలోపు పిల్లలకు గాయములు ఎక్కువగా తగిలినది సాయంకాలము నాలుగింటికి ఆరింటికి నడుమ. అనగా బడి విడిచి ఇల్లు చేరు వేళ. గంట మ్రోగుటతో ఉపాధ్యాయుని బాధ్యత తీరినదను భావమును ఈ ఒక్క సంగతి కదల్చివేయును. బడిలో మొలకెత్తిన తగవు బడి వెలుపల పండుచున్నది. గేటు చెంత, బస్సు ఆగు చోట, మలుపు వద్ద పెద్దలొకరు నిలిచియుండుట, తరగతులను ఒకేసారి గాక కొంత వ్యవధితో విడుచుట ఖర్చులేని పనులు.

సంచులు వెదకుట చాలదా యని కొందరందురు. ఉదయపూరు సంఘటన పిమ్మట రాజస్థాన్ విద్యాశాఖ పాఠశాలలకు వాడియైన వస్తువులు తేరాదని ఆజ్ఞాపించెను. అట్టి ఆజ్ఞలు అవసరమే. కాని గోడవెలుపలి పొదలో దాచిన కత్తిని సంచి వెదకి కనుగొనలేరు. దినదినము దొంగలవలె వెదకబడు పిల్లలు, తమ బడి అపాయమైన చోటని నిశ్చయించుకొందురు. ఆ నిశ్చయమే మరల కత్తికి కారణమగును.

ఇక చలనచిత్రములు. 1999లో వచ్చిన సమరసింహారెడ్డి విజయము తరువాత వేటకొడవళ్ళ కథలు తెలుగు తెరమీద వెల్లువగా వచ్చినవి. తెరమీద నరకబడినవానికి తల్లి యుండదు, అప్పు యుండదు, చదువు ఆగిన చెల్లెలుండదు. నరికినవానికి వాయిదాలుండవు, వకీలు ఫీజు ఉండదు. కక్షలతో నలిగిన పల్లెలలో వితంతువులు, పొలము బీడుపెట్టి వలసపోయిన కుటుంబములు ఎరిగిన కథ వేరు. చిత్రములను నిషేధింపవలెననుటకంటె, తెర చూపని ఆ మిగిలిన సగమును పిల్లలచేత వ్రాయించుట మేలు. పడిపోయినవాని ఇంటిలో మరునాడు ఏమి జరిగెనో వ్రాయుమని వ్యాసరచనకు ఇచ్చినచో చాలును.

ఒకే ప్రశ్న

ఇన్ని చెప్పినను ఒకనాడు ఏదో ఒక తరగతిలో ఒక బాలుని సంచిలో కత్తి దొరకును. అప్పుడు ఉపాధ్యాయుడు చేయునది అంతవరకు చెప్పిన పాఠములన్నింటికిని పరీక్ష. ప్రార్థనవేళ అందరి యెదుట నిలువబెట్టి అవమానించుట ఒక మార్గము. పేరు కొట్టివేసి పంపుట మరియొకటి. రెండును ఆ బాలుని వీధికి అప్పగించుటయే. తల్లిదండ్రులకు తెలుపవలెను, అవసరమైనచో చట్టము తన పని చేయును. కాని వీనికి ముందుగా, ఒంటిగా కూర్చుండబెట్టి అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఎందుకు తెచ్చితివిరా యని అందరును అడుగుదురు. దానికి అబద్ధమే సమాధానమగును. నాయనా, ఎవరిని చూచి భయపడుచున్నావు అని అడుగువారు అరుదు.

ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము రాకపోవచ్చును. మీసము మొలచుచున్న వయసున భయమున్నదని ఒప్పుకొనుట కత్తి పట్టుటకంటె కష్టము. అయినను ఏమీ లేదు మాస్టారూ అని తల వంచుకొనిన బాలుడు, రెండు దినములకైనను మూడు దినములకైనను, సందు మలుపున తన్ను అడ్డగించుచున్నవారి సంగతి చెప్పును. లేదా ఇంటిలో త్రాగివచ్చి కొట్టు తండ్రి సంగతి చెప్పును. అటుపైన చేయవలసిన పని ఉపాధ్యాయునిది, ప్రధానోపాధ్యాయునిది, ఊరి పెద్దలది. భయమునకు కారణమైన దానిని తొలగింపక, భయమునకు గుర్తైన కత్తిని మాత్రము లాగుకొనినచో, వంటింటిలో మరియొక కత్తి యుండనే యున్నది.

పాండవులు ఆయుధములను దాచుటకు తగిన చెట్టును వెదకుకొనిరి. ఎవరును వచ్చి వానిని తాకరను నమ్మకము కలిగిన పిమ్మటనే వట్టిచేతులతో ఊరిలోనికి పోయిరి. ఏడాది పొడుగున జమ్మిచెట్టు ఆ రహస్యమును నిలుపుకొనెను. నేటి బాలుడును తన జేబులోని దానిని విడుచుటకు అట్టి చెట్టునే వెదకుచున్నాడు. తనను గేలిచేయనిది, తన రహస్యమును వీధిలో చాటనిది, తాను వట్టిచేతులతో ఇల్లు చేరువరకు తనకు అండగా నిలుచునది ఆతనికి కావలెను. ఊరి చివర జమ్మిచెట్లు ఏటేట తగ్గిపోవుచుండవచ్చును. ప్రతి పాఠశాలలోను అట్టి ఉపాధ్యాయుడు ఒక్కడున్నను, దసరా వరకు ఆగకుండనే పిల్లలు వచ్చి ఆయన చేతిలో తమ భయమును పెట్టిపోవుదురు.